పెద్ద బ్యాగు గదిలో, చిన్న సంచి భుజాన

వీపున పెద్ద బ్యాగు తగిలించుకుని వారం రోజులు ఊళ్లు తిరిగేవాళ్లకు అసలు పరీక్ష రైల్లో ఎదురవదు. హిందూపురంలో దిగి, లాడ్జి గదిలో సామాను దించి, మర్నాడు పొద్దున లేపాక్షికి బయలుదేరేటప్పుడు ఎదురవుతుంది. పన్నెండు కిలోల బ్యాగు మంచం మీద ఉంటుంది. దాంట్లోంచి ఈ పూటకు ఏం తీసుకోవాలి? చాలామంది ఆ ప్రశ్న వేసుకోరు. మొత్తం వీపున వేసుకుని పోతారు. లేదంటే నీళ్ల సీసా, ఫోను, చార్జరు ఒక కవర్లో పడేసి చేత పట్టుకుంటారు. మొదటి పనికి నడుము పడిపోతుంది, రెండో పనికి చెయ్యి ఖాళీ ఉండదు.

ఇలాంటి పూటల కోసమే మడిస్తే పిడికిట్లో పట్టే పల్చటి డేప్యాకులు దొరుకుతున్నాయి. తమ జేబులోకే తాము ముడుచుకుని, పెద్ద బ్యాగులో ఓ మూలన పడుంటాయి. కొన్ని వంద గ్రాములు కూడా తూగవు. అందరూ రంగు చూసి, ధర చూసి కొంటారు. ముందు మీ రోజు ఎలా గడవబోతోందో తేల్చుకోండి, సంచి సంగతి ఆ తర్వాత చూద్దాం.

మనం మోసే సామానులో చాలా భాగం "ఎందుకైనా మంచిది" అనుకుని పెట్టుకున్నదే. రెండో చొక్కా, ఇంకో చార్జరు, చదవని పుస్తకం, ఎప్పుడూ విప్పని గొడుగు. ఆ మాట వెనక ఉన్నది జాగ్రత్త కాదు, తేల్చుకోలేకపోవడం. పెద్ద బ్యాగులో చోటుంటుంది కాబట్టి తేల్చుకోకుండానే రోజులు వెళ్లిపోతాయి. పదిహేను లీటర్ల సంచి దగ్గర ఆ ఆట సాగదు. ఒకటి పెట్టాలంటే ఇంకొకటి తీయాలి. రోజూ పది నిమిషాలు ఈ పని చేసేవాడికి, ఉద్యోగంలోనూ ఇంట్లోనూ ఈ పూటకు ఏది ముఖ్యమో తేల్చే అలవాటు వస్తుందని నా గట్టి నమ్మకం.

లేపాక్షి రోజునే చూడండి. కూర్మశైలం అనే గుట్ట మీద 16వ శతాబ్దంలో కట్టిన వీరభద్రాలయం అది. చెప్పులు బయట వదలాలి. మధ్యాహ్నానికి రాతి నేల కాలుతుంది, కాబట్టి ఒక జత సాక్సులు ఉంటే పొద్దున తలుపు తీసిన వేళే కాకుండా మనకు వీలైన వేళ వెళ్లొచ్చు. మండపం పైకప్పు మీది చిత్రాలు తల పూర్తిగా వెనక్కి వాల్చి చూడాల్సినవి. వీపున పెద్ద మూట ఉంటే మెడ వెనక్కి వాలదు. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసే జనం మధ్య ఆ మూట ఎవరికో ఒకరికి తగులుతుంది, పక్కనున్న శిల్పానికి రాసుకుంటుంది. వందల ఏళ్లు నిలిచిన చెక్కడానికి మన బ్యాగు బకిల్ గీత పెట్టకూడదు. గుడికి కొద్ది దూరంలో 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తున్న ఏకశిలా నంది దగ్గరకు నడిచి వెళ్లేటప్పుడు కావాల్సినవి నీళ్లు, టోపీ, పల్చటి తువ్వాలు, ఓ పొట్లం చెనిక్కాయల చిక్కీ. అంతే.

పెనుకొండ లెక్క వేరు. అక్కడ కొండ ఎక్కాలి. లీటరు నీళ్లంటే కిలో బరువు, ఎండాకాలం మనిషికి రెండు లీటర్లకు తగ్గితే ఇబ్బంది. దాంతోనే రెండు కిలోలు అయిపోయాయి. తిండి, తువ్వాలు, మందులు, ఫోను కలిపితే మూడు దాటుతుంది. నడుము బెల్టు లేని పల్చటి సంచికి హాయిగా మోయగల హద్దు దాదాపు అదే. అంతకు మించితే పట్టీలు భుజాల్లోకి దిగుతాయి. అందుకే ఒక్కరికైతే పదిహేను లీటర్లు, పిల్లల్ని వెంట తీసుకెళ్తే ఇరవై. పాతిక లీటర్లది కొనకండి. పెద్దది కొన్నవాడు దాన్ని నింపకుండా ఉండడు.

ఇక గుడ్డ సంగతి. లేబుల్ మీద 30డి, 70డి అని ఉంటుంది. డి అంటే డెనియర్. దుకాణంలో కుర్రాడు చెప్పలేకపోయినా ఈ వైపు ఊళ్లలో దాన్ని చెప్పగలవాళ్లు వీధికొకరు ఉంటారు, ఎందుకంటే ఆ కొలత పట్టు నుంచే వచ్చింది. తొమ్మిది వేల మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. హిందూపురం మార్కెట్‌కు వచ్చే ఒక పట్టుగూడు నుంచి విడిపడే పోగు రెండు మూడు డెనియర్లే ఉంటుంది. అలాంటివి ఎనిమిదీ పదీ కలిపి తీస్తే ఇరవై, ఇరవై రెండు డెనియర్ల ముడి పట్టు దారం వస్తుంది. ధర్మవరం మగ్గాలకు చేరేది అలాంటి పట్టును పురి పెట్టి, రంగులద్దినదే. పిల్లల స్కూలు బ్యాగుల్లో తరచుగా కనిపించేది 600 డెనియర్ల పాలిస్టర్. మడత సంచి ముప్పై డెనియర్ల నైలాన్ అయితే అందులో దారం ఎంత సన్నమో ఇప్పుడు మీకే తెలుస్తుంది.

సన్నటి దారమంటే తేలిక, దాంతో పాటే చిరుగు. అందుకే మంచి సంచుల్లో చిన్నచిన్న గళ్లు గళ్లుగా లావు దారం అల్లుతారు. దాన్ని రిప్‌స్టాప్ అంటారు. ఎక్కడైనా ముల్లు గుచ్చుకున్నా చిరుగు ఆ గడి దగ్గర ఆగుతుంది. తుమ్మముళ్లున్న కొండదారిలో నడిచేవాళ్లకు నా సలహా: 15 డెనియర్ల ముచ్చట వద్దు, నలభై, డెబ్భై మధ్య చూసుకోండి. యాభై గ్రాములు ఎక్కువైతే కానివ్వండి. నీళ్లు దిగవని రాసి ఉన్న సంచికి వంద, రెండు వందల రూపాయలు ఎక్కువ పెట్టాలా? రాష్ట్రంలోనే వాన తక్కువగా పడే సీమ ఇది. పైగా గుడ్డకు పూత ఉన్నా కుట్ల లోంచి నీరు దిగుతూనే ఉంటుంది. ఫోను, కాగితాలు ఒక గట్టి ప్లాస్టిక్ కవర్లో వేస్తే చాలు.

కొనేచోట మొహమాటపడకండి. సంచిని లోపలివైపు బయటికి తిప్పండి. భుజం పట్టీ పైన, కింద ఎక్కడ కుట్టారో అక్కడ వేలు పెట్టి చూడండి. ఒకే వరస కుట్టుంటే పక్కన పెట్టేయండి. అడ్డంగా దగ్గర దగ్గరగా నాలుగైదు సార్లు తిరిగిన కుట్టుండాలి, ఎందుకంటే పల్చటి సంచి తెగేది ముందు అక్కడే. తర్వాత రెండు లీటరు సీసాలు లోపల పెట్టి భుజాన వేసుకుని షాపులో అటూ ఇటూ నడవండి. వంగి చెప్పుల పట్టీ సరిచేసుకోండి. పక్క జేబులోంచి సీసా జారిపడితే ఆ సంచి గుడి మెట్ల మీద రోజూ అదే చేస్తుంది. చివరగా, దాన్ని మీ చేత్తో మీరే తిరిగి మడవండి. అమ్మేవాడు మడవగలిగితే సరిపోదు. మడవడం కష్టమైన సంచి రెండో రోజు నుంచి పెద్ద బ్యాగు అడుగునే ఉండిపోతుంది.

ఈ సంచుల వీపుకు దిండు ఉండదు, సీసా మూత వెన్నులో గుచ్చుకుంటుంది. తువ్వాలును నాలుగు మడతలు పెట్టి వీపు వైపు నిలబెట్టండి, బరువైనవి దానికి ఆనించి పైభాగంలో ఉంచండి. డబ్బు, గుర్తింపు కార్డు, రోజూ వేసుకునే మందులు ఎప్పుడూ చిన్న సంచిలోనే ఉండాలి. పెద్ద బ్యాగుకు తాళం వేసి గదిలో వదలండి. స్టేషన్ క్లోక్ రూమ్‌లో పెట్టాలన్నా తాళం ఉండాల్సిందే.

వదిలి వెళ్లడమే చాలామందికి చేతకాదు. ఆ పాఠం నేర్చుకోవడానికి పెనుకొండ తగిన ఊరు. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడాక తిరుమలరాయలు విజయనగరం విడిచి రాజధానిని ఇక్కడికే మార్చాడు. ఐదు వందల యాభై ఏనుగుల మీద ధనం తరలించాడని చరిత్రకారుడు రాబర్ట్ సూయల్ రాశాడు. వెనక వదిలిన నగరం మాత్రం నెలల తరబడి దోపిడీకి గురైంది. ఏది మోయాలి, ఏది వదలాలి అని తేల్చుకోవడానికి ఆయనకు దొరికిన వ్యవధి బహుశా గంటల్లోనే. మనకు రాత్రంతా ఉంది. కాబట్టి ఆ పని రాత్రే చేయండి. పొద్దున బస్సు టైముకు సర్దుకునే సంచిలోకి "ఎందుకైనా మంచిది" చొరబడుతుంది.

తోడు వచ్చినవాళ్ల విషయంలో కాస్త గట్టిగా ఉండండి. మీ వీపున సంచి కనబడగానే "నాదీ ఒక సీసా పెట్టు" అంటారు. పెద్దవాళ్లదీ, చిన్నపిల్లలదీ సంతోషంగా పెట్టుకోండి. ఈడువాళ్లకు మాత్రం వాళ్ల సంచి వాళ్లే తెచ్చుకోమని ముందురోజే చెప్పండి. కొండ మధ్యలో చెబితే మనసులు నొచ్చుకుంటాయి.

గదికి తిరిగొచ్చాక సంచిని మంచం మీద బోర్లించండి. మందులు, టార్చి లాంటివి వాడకపోయినా ఉండాల్సిందే. మిగిలినవాటిలో వరుసగా రెండు రోజులు ముట్టుకోనిది మూడో రోజు రాకూడదు.

ధర్మవరం రోజుకు మాత్రం సంచి సగం ఖాళీగా తీసుకెళ్లండి. అక్కడ మగ్గం చప్పుడు విని, అంచు మీద జరీ చూసి, ఇంట్లోవాళ్లకు చీర కొనకుండా రావడం కష్టం. చీరను అట్టపెట్టెతో సహా ప్లాస్టిక్ కవర్లో చుట్టించుకోండి. తువ్వాలు తీసేసి ఆ చోట వీపు వైపు బల్లపరుపుగా ఉంచండి. నీళ్ల సీసాను బయట పక్క జేబులోకి మార్చి, మూత ఇంకోసారి బిగించండి.