అన్ని గుమ్మాలూ ఎక్కొద్దు

సెల్‌ఫోన్ దుకాణంలో పాతిక వేల ఫోను ఈఎంఐ మీద తీసుకుందామని నిలబడతారు. కౌంటర్లో కుర్రాడు పాన్ నంబరు అడుగుతాడు, ఓటీపీ చెప్పమంటాడు. చెబుతారు. కాసేపటికి "ఇందులో రావట్లేదన్నా, ఇంకోదాంట్లో చూద్దాం" అంటాడు. మళ్లీ ఓటీపీ. ఆ తర్వాత మూడో కంపెనీ. మీ ధ్యాసంతా ఫోను మీదే ఉంటుంది. ఈలోపు మీ పేరు మీద మూడు రుణ దరఖాస్తులు నమోదైపోతాయి.

ఓటీపీ చెప్పడమంటే చాలాసార్లు అనుమతి ఇచ్చినట్టే. దాంతో ఫైనాన్స్ కంపెనీ మీ రుణ చరిత్రను సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ వంటి క్రెడిట్ సంస్థల నుంచి తెప్పించుకుంటుంది. మీరు అప్పు అడిగినందుకు ఇచ్చేవాళ్లు చేసే ఈ తనిఖీనే హార్డ్ ఎంక్వయిరీ అంటారు. ఆ చరిత్రను బట్టి ఇచ్చే క్రెడిట్ స్కోరు మన దేశంలో 300 నుంచి 900 దాకా ఉంటుంది. 750 దాటితే బ్యాంకులు సాధారణంగా సానుకూలంగా చూస్తాయి. ఒక్క ఎంక్వయిరీతో తగ్గేది కొద్ది పాయింట్లే, కంగారు అక్కర్లేదు. ఇల్లు కొనాలన్నా, పిల్లల్ని చదివించాలన్నా అప్పు అడగక తప్పదు, అడిగాక తనిఖీ తప్పదు. ఇబ్బందల్లా నెల తిరక్కుండా పది చోట్ల అడగడంతోనే.

ఎందుకో తెలియాలంటే మీ క్రెడిట్ రిపోర్టులో ఎంక్వయిరీల పట్టిక ఒకసారి చదవండి. అడిగిన సంస్థ పేరు, తేదీ, ఏ రకం రుణం, ఎంత మొత్తం అన్నవి వరుసగా ఉంటాయి. అప్పు ఇచ్చారా లేదా అన్నది మాత్రం అక్కడ ఉండదు. రేపు మీ ఫైలు చూసే బ్యాంకు అధికారికి నెలలో ఆరు ఎంక్వయిరీలు కనిపిస్తాయి, కొత్త రుణ ఖాతా ఒక్కటీ కనిపించదు. ఆరుగురూ కాదన్నారని ఆయన అనుకుంటాడు. మీరు కేవలం వడ్డీ రేట్లు పోల్చి చూశారని ఆయనకు ఎవరు చెబుతారు?

ఒక చోట కాదనగానే మనసు చివుక్కుమంటుంది. 'వీళ్లు కాకపోతే ఇంకొకరు' అని పౌరుషం వస్తుంది. రాత్రి పదకొండు గంటలకు మంచం మీద పడుకుని మరో నాలుగు లోన్ యాప్‌లలో వివరాలు నింపేస్తారు. ఈ తొందరే అసలు నష్టం చేస్తుంది. కాదన్నప్పుడు ముందు ఆగండి. ఎందుకు కాదన్నారో ఆ బ్యాంకునే అడగండి. ఆదాయం చాలలేదా, పాత క్రెడిట్ కార్డు బకాయి మిగిలిందా, చిరునామా కలవలేదా? కారణం సరిచేసుకోకుండా మళ్లీ అడిగితే అదే జవాబు వస్తుంది.

ఏజెంటు ద్వారా వెళ్తుంటే మరింత జాగ్రత్త. ఒకేసారి నాలుగు బ్యాంకుల్లో ఫైలు లాగిన్ చేసేస్తే ఎక్కడో ఒకచోట పాసవుతుందన్నది కొందరి లెక్క. వాళ్లకు కమిషన్ వస్తుంది, ఎంక్వయిరీలు మీకు మిగులుతాయి. "నాకు చెప్పకుండా ఎక్కడా లాగిన్ చేయొద్దండీ" అని మొహమాటం లేకుండా ముందే చెప్పండి. వడ్డీ రేటు, ప్రాసెసింగ్ ఫీజు, అర్హత నిబంధనలు పాన్ నంబరు ఇవ్వకుండానే తెలుసుకోవచ్చు. అవన్నీ చూసి, ఒకటో రెండో బ్యాంకులు ఎంచుకుని, అప్పుడే దరఖాస్తు పెట్టండి. గృహరుణం ఆలోచన ఉంటే అంతకుముందు కొన్ని నెలలు ఫోన్లకూ టీవీలకూ ఈఎంఐలు పెట్టుకోకండి. భార్యాభర్తలు కలిసి తీసుకునేటట్లయితే ఇద్దరూ ఈ నియమం పాటించాలి.

సొంతంగా స్కోరు చూసుకుంటే తగ్గిపోతుందని భయపడి ఏళ్ల తరబడి ఆ వైపే వెళ్లనివాళ్లున్నారు. అది ఒట్టి అపోహ. మీ రిపోర్టు మీరు ఎన్నిసార్లు చూసుకున్నా ఒక్క పాయింటూ తగ్గదు. బ్యాంకు తనంతట తాను ప్రీ అప్రూవ్డ్ ఆఫర్ కోసం చూసుకున్నా తగ్గదు. రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం 2017 నుంచి ప్రతి క్రెడిట్ సంస్థా ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఉన్నవి నాలుగు సంస్థలు. మూడు నెలలకొకటి చొప్పున తెప్పించుకుంటే ఏడాది పొడవునా మీ లెక్క మీ కళ్లముందే ఉంటుంది.

ఇప్పటికే ఎంక్వయిరీలు ఎక్కువైపోయాయా? బెంగపడకండి. కొన్నాళ్లు కొత్త అప్పు జోలికి పోకుండా, ఉన్న ఈఎంఐలు, కార్డు బిల్లులు గడువు తేదీకల్లా కట్టండి. స్కోరులో సకాలంలో కట్టిన చరిత్రకున్న విలువ ఎంక్వయిరీలకు లేదు. కాలం గడిచేకొద్దీ వాటి ప్రభావం తగ్గిపోతుంది.

మీ రిపోర్టును ఏ సంస్థ చూసినా మీకు ఎస్ఎంఎస్ గానీ ఈమెయిల్ గానీ రావాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఆ సందేశాన్ని ప్రకటన అనుకుని చెరిపేయకండి. మీరు పెట్టని దరఖాస్తు కనిపిస్తే ఆ రోజే క్రెడిట్ సంస్థకూ, ఆ బ్యాంకుకూ ఫిర్యాదు రాసి పెట్టండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆపై ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున మీకు పరిహారం రావాలి.