వెదురు బద్ద, వరిగడ్డి, సరుగుడు కాయ: క్రిస్మస్ అలంకరణల చేతిపని

డిసెంబరు మాసం ప్రవేశించినది మొదలు మన పట్టణాల అంగళ్ళలో నక్షత్రాలు వ్రేలాడుతాయి. వాటిలో చాలవరకు ప్లాస్టిక్ రేకులతోను, తళుకు కాగితంతోను యంత్రాలమీద తయారైనవే. పండుగ వెళ్ళిన వారం దినాలకే అవి వీధి చివరి చెత్తకుప్పను చేరుతాయి. అక్కడ ఏండ్ల తరబడి మట్టిలో కలియక ఉండిపోతాయి. అలంకరణలకు వాడే థర్మోకోల్‌ను 2022వ సంవత్సరం జూలై 1వ తేదీ నుండి మన దేశంలో నిషేధించారు. మంచిదే. కాని దాని స్థానంలో ఏమి వాడుకొందుమని విద్యార్థులు మమ్ములను అడిగినపుడు మేము వెంటనే సమాధానం చెప్పలేకపోయాము. ఆ ప్రశ్నకు జవాబు వెదకుతూ మూడు నాలుగు శీతకాలాలు మేము చేసిన ప్రయత్నాల ఫలితమే ఈ పాఠం. చేసి చూడని పని దేనినీ ఇందులో చేర్చలేదు.

ఉర్దూ, తెలుగు విద్యార్థులు కలిసి చదువుకొనే కళాశాల సంచికలో క్రిస్మస్ అలంకరణల పాఠం ఎందుకని కొందరికి తోచవచ్చును. వెదురును చీల్చి, నునుపు చేసి, వంచి, దానిమీద పలుచని కాగితం అంటించే విద్య మన ఊళ్ళలో ఎవరి దగ్గర ఉన్నదో ఒక్కసారి తలచుకొంటే ఆ సందేహం తీరుతుంది. సంక్రాంతికి పతంగులు చేసేవారు, మొహర్రంకు తాజియాలు కట్టేవారు, క్రిస్మస్‌కు నక్షత్రం కట్టేవారు, అందరి చేతిలోనూ ఉండేది అదే బద్ద, అదే కత్తి, అదే గంజి. కాశ్మీరంలో కాగితపు గుజ్జుతో వస్తువులు చేసే కళాకారులలో అధిక సంఖ్యాకులు ముస్లింలు. విదేశాలలో క్రిస్మస్ చెట్లకు కట్టే గోళాలు, గంటలు ఎన్నో శ్రీనగర్‌లో వారి కుంచెల క్రింద రంగు పూసుకొని వెళ్ళుతున్నాయి. ఖురాన్‌లోని పందొమ్మిదవ సూరాకు మర్యమ్ పేరే ఉన్నది. ప్రసవవేదన వేళ ఆమె ఖర్జూర వృక్షాన్ని ఆశ్రయించిన వృత్తాంతం అందులో వస్తుంది. కనుక ఈ పాఠం ఒక మతంవారికే చెందినదని మేము అనుకోలేదు.

మొదట నక్షత్రం సంగతి చెప్పుకొందాము. మత్తయి సువార్త రెండవ అధ్యాయంలో తూర్పుదేశపు జ్ఞానులకు దారి చూపిన నక్షత్రం ప్రస్తావన ఉన్నది గాని దానికి కొనలు ఎన్నో చెప్పబడలేదు. జ్ఞానులు ముగ్గురని కూడ అక్కడ లేదు. కానుకలు మూడు కనుక లోకం అలా లెక్క కట్టింది. జర్మనీలోని నీస్కీ పట్టణంలో మొరేవియన్ సంఘంవారి పాఠశాలలో 1830ల దశకంలో రేఖాగణితం నేర్పడానికి పిల్లలచేత కాగితపు నక్షత్రం చేయించారు. ఆ ఆకృతికి ముఖాలు ఇరువది ఆరు; దీపానికి ఒకటి వదలగా మిగిలిన ఇరువదియైదింటిమీద ఇరువదియైదు కొనలు. నేటికీ ఆ నక్షత్రం అక్కడి ఇండ్లలో వెలుగుతూనే ఉన్నది. మనం చేయబోయేది అంత కఠినమైనది కాదు. మన కోస్తా గ్రామాలలో ఇంటిముందు గడకు ఎత్తి కట్టే ఐదు కొనల నక్షత్రమే. ఫిలిప్పైన్సు దేశంలో వెదురు, కాగితాలతో చేసే ‘పరోల్’ అనే దీపం దీనికి తోబుట్టువు వంటిది.

పది బద్దలు కావలెను: ముందు నక్షత్రానికి ఐదు, వెనుక నక్షత్రానికి ఐదు. ఒక్కొక్కటి 60 సెంటీమీటర్ల పొడవు, చిటికెనవ్రేలి గోరంత వెడల్పు, రెండు మూడు మిల్లీమీటర్ల మందం ఉండవలెను. ఎండిపోయిన వెదురు వంచితే పుటుక్కున విరుగుతుంది. మేదరివారి దగ్గర పచ్చిగా ఉన్నపుడే చీల్పించుకోవలెను. అది దొరకనపుడు ఎండు బద్దలను ఒక రాత్రి నీటిలో నానవేయవలెను. ప్రతి బద్దమీద రెండు కొనల నుండియు 23 సెంటీమీటర్ల దూరంలో పెన్సిలుతో గుర్తు పెట్టితే నడుమ 14 సెంటీమీటర్లు మిగులుతుంది. ఈ కొలత ఊహించి చెప్పినది కాదు. ఐదు కొనల నక్షత్రంలో ఒక గీతను తక్కిన గీతలు నడుమ ఖండించే చోట్లు ఎల్లపుడూ ఒకే నిష్పత్తిలో ఉంటాయి. కొనవైపు భాగాన్ని నడిమి భాగంతో భాగిస్తే 1.618 వస్తుంది, ప్రాచీన గ్రీకులు ఎరిగిన నిష్పత్తి అది. పొడవు ఎంతైనను దానిని 0.382తో గుణించినచో కొన నుండి గుర్తుకు ఉండవలసిన దూరం తెలుస్తుంది. ఈ లెక్క తెలియక ముందు మేము కట్టిన నక్షత్రాలు ఒక కాలు పొడవుగా, ఒక కాలు పొట్టిగా కుంటుతూ ఉండేవి.

గుర్తుమీద గుర్తు పడేటట్లు ఐదు బద్దలను నేలమీద పరచి, ప్రతి బద్ద ఒక కూడలిలో పైకి, మరొక కూడలిలో క్రిందికి వచ్చేటట్లు అల్లి, కొనలను పురికొసతో కట్టవలెను. సరిగా అల్లినచో లోపలి కూడళ్ళకు దారమే అక్కరలేదు. ఇట్లే రెండవది కూడ. తరువాత రెంటినీ ఒకదానిపై ఒకటి ఉంచి ఐదు కొనలను జతలు జతలుగా బిగించి, లోపలి ఐదు కూడళ్ళ మధ్య 14 సెంటీమీటర్ల పుల్లలను నిలువుగా దూర్చవలెను. చివరి పుల్ల దూరగానే చప్పిడిగా ఉన్న చట్రం ఒక్కసారిగా పొంగి నక్షత్రమవుతుంది. ఆ క్షణం కోసమే పిల్లలు అంతసేపు ఓపికగా కూర్చుంటారు.

పుల్లను కూడ 14 సెంటీమీటర్లకే ఎందుకు కోయవలెను? అట్లు కోసినపుడు అంటించవలసిన ఇరువది త్రిభుజాలూ ఒకే కొలతకు వస్తాయి: రెండు భుజాలు 23, పీఠం 14. ఒక అట్టముక్కను ఆ కొలతకు కత్తిరించుకొని, చుట్టూ ఒకటిన్నర సెంటీమీటర్ల అంచు వదలి కాగితాలను కోసుకొంటే కాగితం వృథా కాదు, సమయమూ కలిసివస్తుంది. ముందువైపు నడిమి పంచభుజికి వేరే ఒక కాగితం. వెనుకవైపు పంచభుజిని తెరచి ఉంచవలెను. దీపం పెట్టేది అక్కడనే. పతంగుల కాగితమే దీనికి తగినది.

దీపం విషయంలో ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉన్నది. మేము చదువుకొనే రోజులలో ఒక వసతిగృహపు వసారాలో కట్టిన నక్షత్రంలో మైనపువత్తి వెలిగించి పెట్టాము. గాలికి చట్రం ఊగింది. చూస్తూ ఉండగానే కాగితమంతా భగ్గుమన్నది. పైన ఆరవేసిన దుప్పటికి మంట అంటుకొన్నది. నీళ్ళ కుండ దగ్గరగా ఉండబట్టి బయటపడ్డాము. స్వీడన్ దేశంలో యెవ్లె అనే పట్టణంలో 1966 నుండి క్రిస్మస్‌కు బ్రహ్మాండమైన గడ్డి మేకను నిలబెట్టుతున్నారు. మొదటి ఏడే డిసెంబరు 31 రాత్రి దానిని ఎవరో తగులబెట్టారు. అటుపిమ్మట ఎన్నో ఏండ్లు అదే గతి పట్టింది. గడ్డికి, కాగితానికి నిప్పుతో పొత్తు కుదరదు. వేడెక్కని చిన్న ఎల్.ఇ.డి. దీపం తప్ప మరేదియు నక్షత్రం లోపల పెట్టకూడదు. పాత బుడ్డి బల్బు కూడ వద్దు, అది వేడెక్కుతుంది.

గడ్డి మాట వచ్చింది గనుక రెండవ పని దానితోనే. శిశువును పశువుల తొట్టిలో పండుకొనబెట్టిరని లూకా సువార్త చెప్పుతుంది. జర్మనీ, స్వీడన్ మొదలైన దేశాలలో గడ్డితో నక్షత్రాలు అల్లి చెట్టుకు కట్టే ఆచారానికి ఆ తొట్టిని జ్ఞాపకం చేసుకోవడం ఒక అర్థంగా చెప్పుకొంటారు. వారిది రై గడ్డి, గోధుమ గడ్డి, మనకున్నది వరిగడ్డి. ఇది వాటికంటె సన్నము, బలహీనము. అందులోను యంత్రంతో కోసిన గడ్డి నలిగి చీలి ఉంటుంది, పనికిరాదు. కొడవలితో కోసిన కళ్ళం ఎక్కడ ఉన్నదో వెదకి, కంకికి దిగువనున్న కణుపుకు, దాని క్రింది కణుపుకు నడుమ ఉండే బోలు కాడలను మాత్రమే ఏరుకోవలెను. మేము ఒక మోపు గడ్డిలో గుప్పెడు కాడలు ఏరుకొన్న రోజులున్నాయి.

కాడలను గోరువెచ్చని నీటిలో అరగంట నానబెట్టి, బ్లేడుతో నిలువుగా చీల్చి, వెల్లకిలా తెరచి ఇస్త్రీపెట్టె తక్కువ వేడితో రుద్దితే బంగారు వన్నె రిబ్బనులా తయారవుతుంది. పన్నెండు సెంటీమీటర్ల ముక్కలు నాలుగు తీసికొని, రెంటిని కూడిక గుర్తువలెను, రెంటిని గుణకార గుర్తువలెను పేర్చవలెను. గుణకారాన్ని కూడికపై ఉంచి నడుమ బొటనవ్రేలితో అదిమి పట్టుకొంటే ఎనిమిది కిరణాలు కనబడతాయి. ఇప్పుడు దారాన్ని పైనున్న కిరణంమీదుగా, ప్రక్కనున్న కిరణం క్రిందుగా, మరల మీదుగా, మరల క్రిందుగా చుట్టూ త్రిప్పి వెనుక ముడి వేయవలెను. మీద, క్రింద అనే వరుస తప్పితే వ్రేలు తీయగానే అన్నీ విడిపోతాయి. వరుస తప్పకుంటే జిగురు చుక్క కూడ అవసరం లేదు. కొనలను ఏటవాలుగా కత్తిరించడంతో పని ముగిసినట్లే.

బాపట్ల, చీరాల ప్రాంతపు సముద్రతీరంలో సరుగుడు తోపులున్నాయి. అక్కడి క్రైస్తవ కుటుంబాలకు సరుగుడు కొమ్మయే క్రిస్మస్ చెట్టు. చూపులకు దేవదారు జాతిదివలె ఉన్నను ఇది పుష్పించే వృక్షం. మనం ఆకులనుకొనే పచ్చని సూదులు నిజానికి సన్నని రెమ్మలు. వాటిని కణుపు దగ్గర లాగితే ముక్కలుగా ఊడివస్తాయి, అసలు ఆకులు ఆ కణుపు చుట్టూ పొలుసులవలె అంటి ఉంటాయి. దీని చిన్న కాయలు అలంకరణకు ఎంతో బాగుంటాయి. రెండు రోజులు ఎండలో పోస్తే నోళ్ళు తెరచి రెక్కల విత్తులను రాల్చివేస్తాయి. తరువాత అరల నడుమ దారం బిగించి గుత్తులుగా కట్టవచ్చును. మంచు కావాలనుకొనేవారు బూరుగు దూదిని కొద్దిగా అంటించవచ్చును, మన ఊరికి మంచు ఎందుకని మా అభిప్రాయం.

గింజల విషయంలో జాగ్రత్త వహించవలెను. ఎరుపుమీద నల్లని చుక్కతో ముద్దు వచ్చే గురివింద గింజలను దండలు గ్రుచ్చాలని పిల్లలకు సహజంగా తోస్తుంది. గురివింద గింజకు తన నలుపు తెలియదని సామెత. మనకు తెలియవలసినది దాని లోపలి విషం. ఎబ్రిన్ అనే ఆ విషం అత్యల్ప పరిమాణంలోనే ప్రాణం తీయగలదు. పై పొట్టు గట్టిగా ఉన్నంతసేపు అది లోపలనే ఉంటుంది గాని దారం ఎక్కించడానికి సూదితో పొడిచినపుడు ఆ కవచం పోతుంది. చంటిపిల్లలు చెట్టుకు కట్టినది నోట పెట్టుకొనకుండ ఉండరు. ఒక సంవత్సరం విద్యార్థినులు ఎంతో శ్రమపడి గ్రుచ్చిన గురివింద దండను మేము తీసి పారవేయించాము. వారు చిన్నబుచ్చుకొన్నారు, మాకును బాధ కలిగింది. అయినను ఇందులో రాజీ లేదు. ఆముదపు గింజలు, ఉమ్మెత్త కాయలు కూడ ఈ కోవలోనివే. నల్లని గింజ కావలసినవారికి కుంకుడు గింజ ఉన్నది. ఎరుపు కావలెనంటే చింతపిక్కకు ఎర్రని నూలు దారం నిండుగా చుట్టితే చాలు. ఇవి విషం కాకున్నను గొంతుకు అడ్డం పడే వస్తువులే గనుక పసిపిల్లలకు అందని ఎత్తున కట్టవలెను.

పశువుల పాక కట్టదలచినవారికి జొన్న బెండును మించినది లేదు. రాయలసీమ, తెలంగాణ పల్లెలలో పెరిగినవారు జొన్న దంటు పేళ్ళతో, బెండుతో బండ్లు, కళ్ళజోళ్ళు చేసి ఆడుకొన్నవారే. వారికి మేము నేర్పవలసినది ఏమియు లేదు. పేడు అంచు కత్తివలె తెగుతుందని మాత్రం పట్నం పిల్లలకు చెప్పవలెను.

జిగురుకు ఒక పాలు మైదా, ఐదు పాళ్ళు నీరు కలిపి ఉండ కట్టకుండ ఉడికించి, చిటికెడు పటిక పొడి వేస్తే కొన్నాళ్ళు చెడదు. పుస్తకాలు కుట్టేవారు పురుగు పట్టకుండ మైలుతుత్తం వేసేవారు. అదియు విషమే, పిల్లల పనిలోనికి రానీయకూడదు. రంగుల కోసం పసుపు, బీటుదుంప ప్రయత్నించాము. రెండును ఎండకు వెలిసిపోయాయి. చివరకు గడ్డిని గడ్డి రంగుననే, కాయను కాయ రంగుననే వదలివేశాము. చూచినవారు అదే బాగున్నదన్నారు.

పండుగ తరువాత నక్షత్రపు కాగితాన్ని తడిచేసి ఊడదీసి, ఐదు పుల్లలను లాగివేస్తే చట్రం మరల చదునవుతుంది. దానిని గోడకు ఆనించి ఉంచవచ్చును. గడ్డి నక్షత్రాలను పాత నోటుపుస్తకం పుటల నడుమ, సరుగుడు కాయలను ఎండిన వేపాకు వేసిన డబ్బాలో భద్రపరచవలెను. మా దగ్గరనున్న చట్రాలలో ఒకటి మూడుసార్లు కాగితం మార్చుకొన్నది. ఈసారి దానికి ఒక బద్ద మాత్రం క్రొత్తది వేయవలసి ఉన్నది.