కంప్యూటరు మొరాయించినప్పుడు: పంచాయతీ సభ్యులకొక పాఠము

గ్రామ పంచాయతీ కార్యాలయమున నేడు జరుగు పనులలో పెక్కు కంప్యూటరు మీదనే నడచుచున్నవి. ఇంటిపన్ను డిమాండు రిజిస్టరు, జనన మరణ ధ్రువపత్రములు, ఆర్థిక సంఘపు నిధుల లెక్కలు, చెల్లింపులు, అన్నియు దానిలోనే యున్నవి. 2020 ఏప్రిల్ 24వ తేదీన కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ ప్రారంభించిన ఈ-గ్రామస్వరాజ్ పోర్టలులో పంచాయతీ ప్రణాళికయు, జమాఖర్చులును చేరుచున్నవి. కావున యంత్రము ఆగిన దినమున పంచాయతీయే ఆగినట్లగును. బిడ్డ జనన ధ్రువపత్రమునకై పనిమాని వచ్చిన తల్లి, "రేపు రమ్మ"ని పించుకొని వెనుదిరుగును.

మరమ్మతు కార్యదర్శి పనియనియో, పట్టణపు మెకానిక్కు పనియనియో సభ్యులు తలంపవచ్చును. మరమ్మతు వారిదే. కాని చెడినది ఏది, దేనిని బాగుచేయుటకు గ్రామపు సొమ్ము చెల్లించుచున్నాము, బాగుచేయుటలో గ్రామపు లెక్కలు భద్రముగా నుండునా, అని అడుగవలసినది సభ్యులు. 2025 డిసెంబరులో మూడు విడతలుగా జరిగిన ఎన్నికలలో గెలిచి వచ్చిన సభ్యులకు ఈ ప్రశ్నలు అడుగుటకు వలసినంత జ్ఞానము కలిగించుటకే మేమీ పాఠమును వ్రాయుచున్నాము.

మగ్గము నేర్పు నీతి

దుబ్బాక మగ్గములకు పేరుపడిన ఊరు. పడుగులో ఒక పోగు తెగినచో నేతగాడు పడుగునంతను కోసి పారవేయడు. మగ్గము నిలిపి, తెగిన పోగు ఎచ్చటనున్నదో వెదకి, అతికి, తిరిగి నేయసాగును. కంప్యూటరు విషయమున మాత్రము మనవారు తరచు దీనికి విరుద్ధముగా చేయుదురు. ఇంటర్నెట్టు రాకున్నను, ప్రింటరు పలుకకున్నను, మొదట వినబడు మాట "ఫార్మాటు కొట్టుదము" అనునదే.

ఆపరేటింగ్ సిస్టము అనగా కీబోర్డు, తెర, డిస్కు, ప్రింటరు మొదలగువాని చేత పని చేయించు మూల ప్రోగ్రాము. విండోస్, లైనక్స్ అట్టివి. ఫార్మాటు కొట్టుట యనగా డిస్కులో నున్నదానిని తుడిచి, ఈ మూల ప్రోగ్రామును మరల ఎక్కించుట. తెగినది వీధిలోని తీగయైనచో ఫార్మాటు వలన ఆ తీగ అతుకదు. పన్ను లెక్కలు మాత్రము పోవును.

లోపమును వెదకు వరుస

బావి మోటారు నీరు ఎత్తనప్పుడు రైతు ముందు కరెంటు, తరువాత ఫ్యూజు, స్టార్టరు, ఆపైన ఫుట్‌వాల్వు వరుసగా చూచును. కంప్యూటరునకును అట్టి వరుస కలదు.

మొదటిది విద్యుత్తు. ప్లగ్గు, స్విచ్చి, యూపీఎస్ చూడవలెను. యూపీఎస్ బ్యాటరీ సన్నగిల్లినచో కరెంటు పోయిన క్షణముననే యంత్రము ఆరిపోవును. పలుమారులట్లు ఆరిపోయినచో ఆపరేటింగ్ సిస్టమే చెడవచ్చును. బ్యాటరీ మార్చవలసినచోట కంప్యూటరు మార్చుట వృథా వ్యయము.

రెండవది గాజు తీగ, అనగా ఫైబరు. గోడనున్న ఫైబరు పెట్టెపై చిన్న దీపములుండును. "పి.ఓ.ఎన్." అను దీపము నిలకడగా వెలుగుచున్నచో తీగలో సంకేతము వచ్చుచున్నదని అర్థము. "ఎల్.ఓ.ఎస్." అను ఎర్ర దీపము వెలిగినను, కొట్టుకొన్నను సంకేతము రాలేదు. అప్పుడు తీగ బయట తెగియుండును, లేదా పెట్టె వద్ద ఎక్కువగా వంగియుండును. గాజు తీగను మడిచినచో వెలుతురు ముందునకు సాగదు. తీగ కొనను కంటితో చూచుట ప్రమాదము.

మూడవది రౌటరు. అదే వై-ఫైకి ఒక సెల్‌ఫోనును కలిపి, ఫోను సొంత డేటాను ఆపి చూడవలెను. ఫోనులో ఇంటర్నెట్టు వచ్చుచున్నచో తీగయు, రౌటరును బాగున్నవి, లోపము కంప్యూటరుది. రౌటరు తన వద్దకు వచ్చిన ప్రతి యంత్రమునకును ఇంటి నంబరు వంటి ఒక సంఖ్య నిచ్చును. కంప్యూటరు సంఖ్య 169.254 తో మొదలైనచో రౌటరు దానికి సంఖ్య నీయలేదని తెలిసికొనవలెను. వైరు వదులై యుండవచ్చును, రౌటరును ఒకసారి ఆపి మరల వేయవలసి యుండవచ్చును. ఎవరైన రెండవ రౌటరును తెచ్చి అదే తీగకు తగిలించినచో, రెండును సంఖ్యలు పంచుచు ఒకదాని పని నొకటి చెరచుకొనును. ఊరి ఇండ్లకు ఇద్దరు వేర్వేరుగా నంబర్లు వేసినచో ఉత్తరములు ఏమగునో ఇదియు నట్లే యగును.

నాలుగవది కంప్యూటరు. ఇచ్చట ముందుగా తేదీయు, గడియారమును చూడవలెను. యంత్రములోని రూపాయి బిళ్లవంటి చిన్న బ్యాటరీ అయిపోయినచో తేదీ ఏండ్ల వెనుకకు పోవును. పోర్టళ్లు తమ గుర్తింపు పత్రమును తేదీతో సరిచూపించును గనుక, తేదీ తప్పిన కంప్యూటరు ఆ పత్రమును నమ్మక పోర్టలును తెరువదు. స్వల్పమైన ఈ బ్యాటరీకి బదులు ఫార్మాటు కొట్టించిన ఫలమేమి?

ఐదవది దూరముననున్న సర్వరు. మిగిలిన వెబ్‌సైట్లు తెరచుకొనుచు, ఒక్క పోర్టలు మాత్రమే తెరచుకొననిచో, ప్రక్క గ్రామపు కార్యదర్శిని ఫోనులో అడుగవలెను. వారికిని అట్లే యున్నచో లోపము మన ఊరిలో లేదు. వేచియుండుట తప్ప మనము చేయగలది లేదు. ఏ తీగను కదల్పరాదు.

ఈ వరుసలో పోవునప్పుడు ఒకసారి ఒక మార్పే చేయవలెను. నాలుగు ఒక్కసారి మార్చినచో దేనివలన బాగైనదో, దేనివలన చెడినదో తెలియదు. చేసిన ప్రతి మార్పును తేదీతో ఒక పుస్తకమున వ్రాయవలెను. కార్యదర్శి బదిలీయై పోయినను పుస్తకము మిగులును.

ఆపరేటింగ్ సిస్టమును మార్చునప్పుడు

నిజముగనే మార్చవలసిన సమయములు కలవు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సంస్థ ఇచ్చుచుండిన సాధారణ భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. విండోస్ 11 ఎక్కించుటకు టీపీఎం 2.0 అను భద్రతా ఏర్పాటు, కనీసము 4 జీబీ మెమరీ, 64 జీబీ డిస్కు మొదలగునవి కావలెను. పాత యంత్రములలో ఇవి లేకపోవచ్చును. లైనక్స్ మరియొక మార్గము. భారత ప్రభుత్వ సంస్థయైన సి-డాక్ రూపొందించిన బాస్ లైనక్స్ ఆ కోవలోనిదే. ఏది యెంచినను, చెల్లింపులకు వాడు డిజిటల్ సంతకపు టోకెనును, ప్రింటరును దానితో పనిచేయునో లేదో ముందుగా విచారింపవలెను.

తుడుచుటకు ముందు దస్త్రములకు రెండు నకళ్లు తీయవలెను. ఒకటి కార్యాలయపు బీరువాలోను, మరియొకటి వేరొక భవనమునను ఉండవలెను. నకలు తీసిన పిమ్మట దానిని మరియొక కంప్యూటరులో తెరచి చూడవలెను. తెరచి చూడని నకలును నమ్మరాదు. అను ఫాంట్లతో వ్రాసిన పాత తెలుగు దస్త్రములు ఆ ఫాంట్లు లేని కొత్త యంత్రములో అర్థము కాని అక్షరములుగా కనబడును. వానిని ముందే యూనికోడునకు మార్చుటయో, పీడీఎఫ్‌గా భద్రపరచుటయో చేయవలెను. డిస్కునకు బిట్‌లాకర్ తాళము వేసియున్నచో దాని 48 అంకెల సంఖ్యను కాగితముపై వ్రాసి బీరువాలో దాచవలెను.

విండోస్ తెరచుకొననంత మాత్రమున లెక్కలు పోయినవని నిరాశ పడనక్కరలేదు. డిస్కు బాగున్నచో, పెన్‌డ్రైవు నుండి లైనక్స్‌ను నడపి దస్త్రములను బయటికి తీయవచ్చును. ఇది చేసి చూచిన తరువాతనే ఫార్మాటునకు అనుమతి నీయవలెను.

సవరణలు వేయుటయు, ఒకదానిపై ముందు చూచుటయు

2017 మే నెలలో వాన్నాక్రై అను వైరసు దేశదేశముల కంప్యూటర్లకు తాళమువేసి సొమ్మడిగినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లును దాని బారిన పడినవి. దానిని అడ్డుకొను సవరణను మైక్రోసాఫ్ట్ అదే ఏడు మార్చిలోనే విడుదల చేసియుండెను. 2024 జూలై 19న దీనికి భిన్నమైన విపత్తు కలిగినది. క్రౌడ్‌స్ట్రైక్ అను భద్రతా సంస్థ పంపిన ఒక తప్పు సవరణ వలన సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఒక్కసారి నిలిచినవి. హైదరాబాదు విమానాశ్రయములో ప్రయాణికులకు బోర్డింగు పాసులు చేతితో వ్రాసి యిచ్చిరి.

ఈ రెంటిని కలిపి చూచినచో నీతి స్పష్టము. సవరణలను వాయిదా వేయరాదు. ఐనను పలు కంప్యూటర్లున్నచోట ముందొకదానిపై వేసి, ఒకటి రెండు దినములు చూచి, తరువాత మిగిలినవానిపై వేయవలెను. చేతివ్రాత రిజిస్టరును పూర్తిగా విడువరాదు.

తీగను కాపాడుట పంచాయతీ పనియే

2016 ఆగస్టు 7న నేటి సిద్దిపేట జిల్లాలోని గజ్వేలు చెంత కోమటిబండలో మిషన్ భగీరథ ప్రారంభమైనది. ఆ నీటి గొట్టములు వేసిన కందకములనే టీ-ఫైబరు తీగలకును వాడుకొనిరి. కావున గొట్టమున్నచోట గాజు తీగ ఉండవచ్చునని తలచియే తవ్వవలెను. భారత్‌నెట్ తొలి దశలలో మండల కేంద్రము నుండి గ్రామములకు తీగ వరుసగా పోయినది. దారముపై పూసలవలె నున్న ఈ వరుసలో నడుమ ఒకచోట తెగినచో ఆవలి గ్రామములన్నియు చీకటిలో పడును. 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన సవరించిన పథకములో తీగను వలయముగా వేయుటకు నిర్ణయించిరి. వలయములో ఒకవైపు తెగినను రెండవవైపు నుండి సంకేతము వచ్చును.

మురుగు కాలువకో, సిమెంటు రోడ్డునకో పంచాయతీయే జేసీబీని పిలిచి తవ్వించుచుండును. హబ్షీపూర్‌లోనైనను, రామక్కపేటలోనైనను, తవ్వకమునకు ముందు తీగ యజమానులకు తెలుపుట విధిగా పెట్టుకొనవలెను. ఇందులకే 2023 మార్చి 22న కేంద్రము "కాల్ బిఫోర్ యు డిగ్" అను యాప్‌ను ప్రారంభించినది.

రాబోవు సమావేశమున సభ్యులు మూడు తీర్మానములు చేయుదురు గాక యని మా మనవి. నెలకొకసారి దస్త్రముల నకలు తీసి, తెరచి చూచినట్లు పుస్తకమున సంతకము చేయవలెను. ఐదు మజిలీల పరీక్ష వ్రాతపూర్వకముగా ముగియనిదే ఫార్మాటునకు బిల్లు చెల్లింపరాదు. తీగ జాడ తెలియనిదే తవ్వకమునకు అనుమతి నీయరాదు. వీనికి ఖర్చు స్వల్పము. వీనివలన కాపాడబడునది గ్రామస్థుల పేర, వారి పిల్లల పేర వ్రాయబడిన లెక్క.