అప్ప ముచ్చట్లు: చింతపిక్కలూ, చేతిలో పుస్తకమూ

చెల్లీ, మొన్న ఫోన్లో అడిగావు కదా, "అప్పా, అన్నీ ఫోన్లోనే దొరుకుతుంటే ఇంకా ఆ పుస్తకాలకి దుమ్ము దులుపుకుంటావేటి?" అని. అప్పుడు పొయ్యి మీద పులుసుంది, తీరిగ్గా చెప్పలేకపోయాను.

ఫోనుని నేను తీసిపారెయ్యనమ్మా. కారా మాస్టారు, అదే కాళీపట్నం రామారావు గారు, 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు. ఎక్కడెక్కడి పాత పత్రికల్లోనో పడివున్న కథల్ని అక్కడికి చేర్చారు. తర్వాత వాటిని స్కాన్ చేసి ఇంటర్నెట్లో ఉంచారు. భోగాపురంలో మంచం మీద కూర్చుని నేను పుట్టకముందు అచ్చయిన కథ చదువుతున్నానంటే, అది ఆ పని చేసినవాళ్ల పుణ్యమే. పాత కాగితం పట్టుకుంటే పొడైపోతుంది కదా.

చదవడం దగ్గరే వస్తుంది చిక్కు. పత్రిక పేజీ వెడల్పు, ఫోను ఇరుకు. అక్షరం పెద్దది చేస్తే సగం వరస తెర దాటిపోతుంది, ప్రతి వరసకీ వేలితో అటూ ఇటూ లాగాలి. చిన్నది చేస్తే వత్తులన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. పైగా నేను కథలో మునిగానో, చీరలు చూస్తున్నానో పక్కనున్నవాళ్లకి తెలీదు. నాకు ఎక్కువ బాధ అదే.

పండక్కి పిల్లలొచ్చినప్పుడు ఓ సాయంత్రం కరెంటు పోయింది. కాసేపటికి ఫోన్లూ ఆగిపోయాయి. చింతపిక్కలు రెండు గచ్చు మీద అరగదీసి, చీల్చి, నాలుగు బద్దలు చేశాను. ఒక పక్క నలుపు, ఒక పక్క తెలుపు. అష్టా చెమ్మా ఆటకి సుద్దతో ఇరవయ్యైదు గళ్లు గీశాం. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, నాలుగూ నల్లగా పడితే అష్టా. ఎదుటివాళ్ల కాయ ఒక్కటైనా చంపందే లోపలి గళ్లలోకి పోకూడదని చెప్పానో లేదో, మన చిన్నగుంటడు వాళ్లమ్మ కాయ వెనకే పడ్డాడు. ఆవిడ కాయ చచ్చినప్పుడు వాడి కేక వీధి చివరికి వినిపించి ఉంటుంది!

ఆట మీదే ఉన్నాం కదా అని లాంతరు దగ్గర 'కన్యాశుల్కం' తీశాను. మధురవాణి ఆడే పేకాట ఉంది చూడు, అదే తలో వేషం పంచుకుని చదివాం. గురజాడ వారు విజయనగరంలో రాసిన ఆ మాటల్లో మన నాయనమ్మ గొంతు వినిపించింది నాకు. పుస్తకం ఒక్కటే. ఒకరి వంతు అయితే పక్కవాళ్ల ఒళ్లోకి జరిగేది. పేజీ మధ్యలో వేలు పెట్టి, "ఇదిగో, ఇక్కణ్ణించి నువ్వు" అని చూపించుకున్నాం. ఫోన్లో ఆ పేజీయే ఉన్నా ఎవరి ఫోను వాళ్లు చూసుకునేవాళ్లం, ఇలా భుజాలు రాసుకుంటూ కూర్చునేవాళ్లమా?

నువ్వొచ్చేటప్పుడు ఆటకి అమ్మ గవ్వల సంచి పట్రా. పెద్దక్షరాల 'కన్యాశుల్కం' దొరికితే అదీ కొను. ఒక్క పుస్తకం మీద ఐదుగురం వంగితే వెనకున్న గుంటలకి కనపడ్డం లేదు.