కాలువ తలుపులు – కాపీ తలుపులు

మీరు ఎప్పుడైనా లొల్ల లాకుల దగ్గర నిలబడి కాలువను చూశారా? ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరిని విడిచి వచ్చిన నీరు ఇక్కడ చీలి కోనసీమ పొలాలకు పోతుంది. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ఆ ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటికీ ఇప్పటికీ కాలువల సూత్రం ఒక్కటే. ఏ తలుపు ఎత్తాలో, ఏ తలుపు దించాలో తెలియాలి. కంప్యూటర్‌లో ఫైళ్లను ఒకచోటి నుంచి మరొక చోటికి పంపేటప్పుడు కూడా ఇదే సూత్రం పనిచేస్తుంది. ఎలాగో చూద్దాం.

సమస్య ఏమిటి?

ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కుల ప్రవాహానికి మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది ఇస్తారు. 1986 ఆగస్టు వరదలో అక్కడ సుమారు 35 లక్షల క్యూసెక్కులు ప్రవహించాయి. మీ బడి పిల్లలు ఏటా వరద రోజుల్లో మీ ఊరి నీటిమట్టాన్ని కొలిచి రాస్తున్నారనుకుందాం. ఆ పట్టికలు, ఫోటోలు, వీడియోలు అన్నీ ‘గోదావరి’ అనే ఫోల్డర్‌లో ఉన్నాయి. వాటితోపాటు ‘టెంప్’ అనే ఫోల్డర్ కూడా ఉంది. వీడియోలను కత్తిరించేటప్పుడు కంప్యూటర్ తన సౌకర్యం కోసం దాచుకున్న తాత్కాలిక ముక్కలు అందులో ఉంటాయి. అవి పోయినా మళ్లీ తయారవుతాయి. నీటిమట్టం పట్టిక పోతే మాత్రం ఆనాటి వరదను మళ్లీ కొలవలేం!

మొత్తం ఫోల్డర్ 40 జీబీ. టెంప్ ఒక్కటే 15 జీబీ. మీ పెన్‌డ్రైవ్‌లో 32 జీబీయే పడుతుంది. టెంప్‌ను వదిలేస్తే 25 జీబీ, హాయిగా సరిపోతుంది. కాని రోజూ చేత్తో ఏరి కాపీ చేస్తే ఏదో ఒకటి మరచిపోతాం.

ఆర్‌సింక్ చేసే పని

ఈ పనికి ‘ఆర్‌సింక్’ అనే ప్రోగ్రాము ఉంది. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ దీనిని 1996 జూన్‌లో విడుదల చేశారు. అదే ఏడు నవంబరు 6న తుపాను కోనసీమ కొబ్బరి తోటలను నేలకూల్చింది. విలువైనదాని నకలు వేరొక చోట ఉండాలని మనకు వేరే చెప్పనక్కరలేదు కదా!

ఆర్‌సింక్ ప్రతి ఫైలు పరిమాణాన్ని, చివరిసారి మార్చిన సమయాన్ని చూస్తుంది. అవతలి నకలులో రెండూ అలాగే ఉంటే దానిని ముట్టుకోదు. కాబట్టి మొదటి రోజు 25 జీబీ వెళ్లినా, మరునాడు కొత్త ఫోటోలు, మారిన పట్టికలు మాత్రమే వెళతాయి.

ఆజ్ఞ ఇలా ఉంటుంది. (కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేయాలి. ఇక్కడ ఉచ్చారణ ఇస్తున్నాం.)

ఆర్‌సింక్ -ఏవీ --ఎక్స్‌క్లూడ్='/టెంప్/' గోదావరి/ భద్రం/

‘ఏ’ అంటే లోపలి ఫోల్డర్లతో సహా, తేదీలు మారకుండా కాపీ చేయమని. ‘వీ’ అంటే చేస్తున్న పని తెరపై చూపమని. ‘ఎక్స్‌క్లూడ్’ అంటే వదిలేయమని. అదే మన దించిన తలుపు. టెంప్ తరువాత ఉన్న ఏటవాలు గీత ‘ఫోల్డర్ అయితేనే వదులు’ అని చెబుతుంది.

ఒక్క గీతతో ఎంత తేడా!

టెంప్‌కు ముందున్న గీతను చూడండి. ‘గోదావరి లోపల మొదటి మెట్టులో ఉన్న టెంప్ మాత్రమే’ అని దాని అర్థం. ఆ గీత లేకపోతే, ఎంత లోతున ఉన్నా సరే, టెంప్ అనే పేరున్న ప్రతి ఫోల్డరూ ఆగిపోతుంది. ఎవరో విద్యార్థి తొందరలో వరద ఫోటోలను ‘ఫోటోలు’ లోపల మరొక టెంప్‌లో పెట్టి ఉంటే? అవి నకలులోకి చేరవు. కంప్యూటర్ ఏ తప్పూ చూపదు. మనం ఆజ్ఞాపించినట్లే చేసింది మరి! అసలు కంప్యూటర్ పాడైన రోజునే ఆ సంగతి బయటపడుతుంది.

ఇంకొక నియమం. పెద్ద కాలువ తలుపు దించిన తరువాత పొలం తూము తెరిచినా నీరు రాదు. అలాగే ఆర్‌సింక్ వదిలేసిన ఫోల్డర్‌లోకి అసలు అడుగే పెట్టదు. టెంప్‌లో ‘పేర్లు’ అనే ఒక్క ఫైలు కావాలంటే, ఫోల్డర్‌ను కాక దానిలోని వస్తువులను ఆపాలి:

--ఇన్‌క్లూడ్='/టెంప్/పేర్లు' --ఎక్స్‌క్లూడ్='/టెంప్/*'

నక్షత్రం గుర్తు ‘లోపల ఉన్న ఏదైనా’ అని చెబుతుంది. ఆర్‌సింక్ నియమాలను వరుసగా చదివి, మొదట సరిపోయినదానినే పాటిస్తుంది. కనుక ‘కావాలి’ అనేది ముందు రావాలి.

మీరే చేసి చూడండి

‘తోట’ అనే ఫోల్డర్‌లో ‘కొబ్బరి’, ‘అరటి’, ‘చెత్త’ అనే మూడు ఫోల్డర్లు పెట్టండి. కొబ్బరి, అరటి లోపల కూడా ఒక్కొక్క ‘చెత్త’ ఉంచండి. ఏవీకి ‘ఎన్’ చేర్చండి. అప్పుడు ఆర్‌సింక్ ఏదీ కాపీ చేయదు. ఏమి చేయబోతుందో చూపుతుంది, అంతే. కొత్త నియమం రాసినప్పుడల్లా మొదట ఇలా పరీక్షించడం మంచి అలవాటు.

1. '/చెత్త/' అని రాస్తే జాబితాలో ఎన్ని చెత్తలు కనబడతాయి?
2. 'చెత్త/' అని రాస్తే?
3. '/చెత్త/' అనే ఉంచి, ఆజ్ఞలో ‘తోట’ తరువాతి గీతను తీసేస్తే?

ముందు ఊహించి రాసుకొని, తరువాత సరిచూసుకోండి.

జవాబులు: రెండు; ఒక్కటీ లేదు; మూడూ. మూడవదానికి కారణం ఇది: గీత తీసేస్తే తోట అనే ఫోల్డరే వెళుతుంది, లెక్క ఒక మెట్టు పైనుంచి మొదలవుతుంది. అప్పుడు '/తోట/చెత్త/' అని రాయాలి.