మన బడి ఎట్లుండాల?

కలికిరి చుట్టుపక్కల టమాటా తోటలు ఎక్కువ. కోతల రోజుల్లో అమ్మానాన్నలు పొద్దున్నే కూలికి పోతారు. చిన్న చెల్లెలిని చూసుకోవడానికి అక్క బడి మానేస్తుంది. మరి ఆ పిల్ల చదువు ఏం కావాల?

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ చదువు ఉచితం. ప్రతి సర్కారు బడికీ ఒక యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నలుగురిలో ముగ్గురు తల్లిదండ్రులే. కమిటీలో సగం మంది ఆడవాళ్లు.

బడికి ఏమేం కావాలో ఈ కమిటీయే ప్రణాళిక రాయాలి. నీళ్లు, మరుగుదొడ్డి, ప్రహరీగోడ ఉంటే చాలదు. బడికి రాని పిల్లలెవరు? ఎందుకు రాలేదు? అదీ చూడాలి. మూడేళ్లు నిండిన చెల్లెలు అంగన్‌వాడీకి పోతే అక్క బడికి పోతుంది.

చదువు నేర్చిన తల్లులారా! కమిటీ సమావేశానికి పోండి. ప్రణాళికను మీరే చదవండి. చదివినాకే సంతకం పెట్టండి.