జట్టును వీడని జయసింహ

నేను కరీంనగరు జిల్లాలోని యొక ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడనుగా నున్న కాలమున, ఒకనాటి సాయంకాలము తొమ్మిదవ తరగతి బాలుడొకడు నా గది వాకిట వచ్చి నిలువబడెను. వాడు మా బాస్కెట్‌బాలు జట్టులో మేటి. ఎంత దూరమునుండి విసరినను బంతి వలలో పడవలసినదే. అయినను మా జట్టు ఆ యేడు ఒక్క పోటీ కూడ గెలువలేదు.

“సారూ! వచ్చే యేడు నేను ఆదిలాబాదులో మా మేనమామ యింట నుండి చదువుకొందును. అచ్చటి బడి జట్టు గెలుచును. మనది గెలువదు” అని వాడు తల వంచుకొని చెప్పెను.

వాని మాటలో అసత్యము లేదు. ఆ యేడు మా జట్టునకు మువ్వురు నాయకులు మారిరి. బంతికి గాలి కొట్టు పంపు బీరువాలో నుండెను. బీరువా తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో ఎవరికిని తెలియదు. ఇట్టి నిర్వాహకమునకు బాధ్యుడెవడని యడిగినచో, ప్రధానోపాధ్యాయుడనైన నేనే. కావున వానిని మందలించుటకు నాకు నోరు రాలేదు. కూర్చుండబెట్టి ఒక క్రికెట్టు ఆటగాని కథ చెప్పితిని. దానినే ఇచ్చట వ్రాయుచున్నాను.

ఆ ఆటగాడు ఎం. ఎల్. జయసింహ. 1939వ సంవత్సరము మార్చి 3వ తేదీన సికిందరాబాదులో జన్మించెను. 1954-55లో, పదునైదేండ్ల ప్రాయమున, హైదరాబాదు జట్టు పక్షమున ఆంధ్ర జట్టుపై తన మొదటి రంజీ పోటీ ఆడి 90 పరుగులు చేసెను. మూడు వికెట్లను గూడ పడగొట్టెను. మీ కంటె రెండు మూడేండ్లు మాత్రమే పెద్దవాడని గమనింపుడు.

ఆయన భారత జట్టులో ప్రవేశించునప్పటికి ఆ యింటి పరిస్థితి చెప్పనలవి కానిది. 1958-59లో వెస్టిండీసు జట్టు మన దేశమునకు వచ్చి ఐదు టెస్టులాడెను. ఆ యైదింటికి మనకు నలుగురు నాయకులు! బొంబాయిలో ఉమ్రీగరు, కాన్పూరు, కలకత్తాలలో మన హైదరాబాదు వాడైన గులాం అహ్మదు, మద్రాసులో వినూ మన్కడు, ఢిల్లీలో అధికారి. కలకత్తాలో మనవారు ఒక ఇన్నింగ్సు మీద 336 పరుగుల తేడాతో ఓడిపోయిరి. ఆ పిమ్మట గులాం అహ్మదు తప్పుకొనెను. మద్రాసు టెస్టునకు మరల నాయకుడుగా నియమితుడైన ఉమ్రీగరు, ఎవరిని ఆడింపవలెనను విషయమున పెద్దలతో భేదము కలిగి, ఆటకు ముందురాత్రియే పదవిని విడిచెను. “చూచితివా, మన బడియే నయము” అంటిని. బాలుడు నవ్వెను.

మరికొన్ని మాసములకు, 1959 వేసవిలో, వేరొక క్రొత్త నాయకుడు గైక్వాడుతో మన జట్టు ఇంగ్లండునకు వెళ్ళెను. రెండవ టెస్టు నాటికి గైక్వాడు అస్వస్థుడగుటచే పంకజ్ రాయ్ నాయకత్వము వహించెను. లార్డ్సు మైదానమున జరిగిన ఆ టెస్టే జయసింహకు మొదటిది. ఆ పర్యటనలో ఆడిన ఐదు టెస్టులలోను మనకు పరాజయమే.

ఇట్టి జట్టులో కుర్రవానికి స్థిరమైన స్థానమెచ్చట దొరకును? 1960 జనవరిలో కలకత్తాలో ఆస్ట్రేలియాతో జరిగిన టెస్టును చూడుడు. మొదటినాటి ఆట ముగియుటకు కొంచెము ముందు, క్రింది వరుసలో ఆయనను బ్యాటుతో పంపిరి. రెండవనాడు 20 పరుగులతో ఔటుకాకుండ నిలిచెను. మూడవనాడు ఆట ముగియుచుండగా, రెండవ ఇన్నింగ్సులో మరల పంపిరి; ఈ మారు పై వరుసలో. నాలుగవనాడు దినమంతయు ఆడి 59 పరుగులు దాటనీయక నిలిచెను. ఐదవనాడు 74 పరుగుల కడ ఔటయ్యెను. టెస్టు యొక్క ఐదు దినములందును బ్యాటు పట్టిన మొదటి భారతీయుడాయనయే. ఆ టెస్టు ఓటమి లేకుండ ముగిసెను.

ఆ యేటి చివర కాన్పూరులో పాకిస్తానుపై ఎనిమిది గంటలకు మించి క్రీజులో నిలిచి 99 పరుగులు చేసి, నూరవ పరుగు కొరకు పరుగెత్తి రనౌటయ్యెను. చూచువారికి విసుగు పుట్టియుండును. సహజముగా ఆయన సొగసుగాడు. మెడకు రుమాలు, పైకెత్తిన కాలరు, వేగముగా కొట్టు చేయి. అట్టివాడు జట్టు అవసరమునుబట్టి ఎనిమిది గంటలు చేతులు కట్టుకొనినట్లు ఆడుట నాకు సెంచరీ కంటె గొప్పగా తోచును. కొన్నాళ్ళు ఇన్నింగ్సు ఆరంభించెను. కొన్నాళ్ళు నడుమ దిగెను. క్రొత్త బంతితో బౌలింగు గూడ చేసెను.

1967-68లో ఆస్ట్రేలియా వెళ్ళు జట్టున ఆయనకు చోటీయలేదు. అచ్చట బౌలరు చంద్రశేఖరు గాయపడెను. బౌలరునకు బదులు బ్యాట్సుమను నంపుట విచిత్రమే. పిలుపు జయసింహకు వచ్చెను. ‘మొదట నన్ను వలదంటిరి గదా’ యని ఆయన ఇంటిలో కూర్చుండలేదు. ప్రయాణపు బడలిక తీరకమునుపే బ్రిస్బేను టెస్టులో దిగి, మొదటి ఇన్నింగ్సున 74, రెండవదానిలో 101 పరుగులు చేసెను. గెలుపునకు 395 పరుగులు కావలసియుండగా మన జట్టు 355 చేసి, 39 పరుగుల తేడాతో ఓడిపోయెను. మొత్తము 39 టెస్టులలో ఆయన పరుగులు 2056, సెంచరీలు మూడు. టెస్టులలో భారత జట్టు నాయకత్వము ఆయనకు ఒక్కమారును దక్కలేదు.

ఇక హైదరాబాదు సంగతి. ఆ జట్టునకు ఆయన చాలకాలము నాయకుడు. భారత జట్టు నాయకుడైన పటౌడీ నవాబు సైతము హైదరాబాదులో ఆయన క్రింద ఆడెను. 1971లో వెస్టిండీసు వెళ్ళిన భారత జట్టులో హైదరాబాదు వారు ఐదుగురు: జయసింహ, ఆబిదలి, గోవిందరాజు, జయంతిలాలు, కృష్ణమూర్తి. అంతటి జట్టు రంజీ కప్పు నేల గెలువలేదు? ముందు దక్షిణ మండలములో ప్రసన్న, చంద్రశేఖరుల మైసూరును, వెంకటరాఘవను గల మద్రాసును దాటవలెను. దాటినను అవతల బొంబాయి. 1958-59 మొదలు 1972-73 వరకు వరుసగా పదునైదేండ్లు కప్పు బొంబాయిదే. అచ్చట వానకాలమున గూడ కాంగా లీగు పేర 1948 నుండి పోటీలు నడచుచుండెను. బురదలోనైనను ఆట ఆగదు. 1964-65లో హైదరాబాదు చివరి పోటీ వరకు వెళ్ళి, బొంబాయి చేత ఇన్నింగ్సు తేడాతో ఓడెను.

వేరు జట్టునకు పోరాదా యని మీరడుగవచ్చును. పోవచ్చును. పటౌడీ ఢిల్లీ జట్టును విడిచియే హైదరాబాదునకు వచ్చెను. దానిని నేను తప్పుపట్టను. జయసింహ మాత్రము 1954-55 నుండి 1976-77 వరకు హైదరాబాదునకే ఆడెను.

“అట్లయిన ఆ కప్పు ఆయన చేతికి రానేలేదా సారూ?” అని బాలుడడిగెను.

“రాలేదు. ఆయన ఆట మానిన పదేండ్లకు, 1986-87లో, ఢిల్లీపై పైచేయి సాధించి హైదరాబాదు రంజీ కప్పు గెలిచెను. 1937-38 తరువాత మరల అదే. 1999లో కన్నుమూసిన జయసింహ ఆ దినమును చూచెను” అంటిని.

వాడు కొంతసేపు మాటాడలేదు. ఆదిలాబాదు ప్రసక్తి మరల ఎత్తనును లేదు. ఎత్తియున్నచో నేను అడ్డుచెప్పియుండను. లేచి పోవుచు గడప కడ ఆగి, “సారూ, పంపు ఇప్పించెదరా? బంతి మెత్తబడినది” అనెను.

ఇరువురమును దీపము పట్టుకొని ఆఫీసు గదిలో తాళపుచెవి కొరకు వెదకితిమి. అది హాజరుపట్టీల క్రింద దొరికెను.